చెక్ ఇంజిన్ లైట్ కోడ్స్ ఇంట్లోనే చూసుకోడానికి ఏ స్కానర్ కొనాలి, ఎలా ఎంచుకోవాలి

మీటర్లో ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో వెలిగిందంటే ముందు గుండె ఝల్లుమంటుంది, ఆ వెంటనే చెయ్యి జేబు మీదకి పోతుంది. షెడ్డుకి తీసుకెళ్తే స్కానర్ పెట్టి ఏదో చూసి "సార్, సెన్సార్ పోయింది" అంటారు, అది నిజమో కాదో మనకి తెలీదు, అడగడానికి మొహమాటం. అందుకే చిన్నదైనా సరే సొంత స్కానర్ ఒకటి ఉండాలని నేను గట్టిగా చెప్తాను. కానీ ఏది పడితే అది కొంటే డ్రాయర్లో పడి ఉంటుంది, ఎలా చూసి కొనాలో నాకు తెలిసినంతవరకు వరసగా రాస్తున్నా.

ముందు ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే ఏ స్కానర్ కొనాలనే నా అభిప్రాయం అంతా ఇక్కడి నుంచే వచ్చింది. నాది 2014 డీజిల్ హ్యాచ్‌బ్యాక్. మే నెలలో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక లైటు వెలిగింది, పికప్ ఒక్కసారిగా పడిపోయింది, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి అరవై దాటట్లేదు. రోడ్డు పక్కన ఒక షెడ్డులో చూపిస్తే రెండు సెన్సార్లు పోయాయి, పద్నాలుగు వేలు అవుద్ది, రేపు సాయంత్రం తీస్కెళ్లండి అన్నారు. గ్లోవ్ బాక్స్‌లో నా డాంగిల్ (బండి సాకెట్లో గుచ్చి ఫోన్లో చూసుకునే చిన్న స్కానర్) ఉంది, బండి పక్కకి తీసి అది పెట్టి చూశాను. నిజంగానే రెండు కోడ్లు ఉన్నాయి, పి0102 ఇంకా పి0113. మొదటిది గాలి ఎంత లోపలికెళ్తుందో కొలిచే మాఫ్ సెన్సార్ సిగ్నల్ తక్కువుందని, రెండోది లోపలికెళ్లే గాలి టెంపరేచర్ సెన్సార్ సిగ్నల్ ఎక్కువుందని. అంటే షెడ్డువాళ్లు చెప్పినట్టే రెండు సెన్సార్లు. కానీ లైవ్ డేటా, అంటే సెన్సార్లు అప్పటికప్పుడు చెప్పే నంబర్లు, ఓపెన్ చేస్తే గాలి టెంపరేచర్ మైనస్ 40 చూపిస్తోంది! బయట చూస్తే రోహిణి కార్తె ఎండ, బానెట్ మీద చెయ్యి పెట్టలేని పరిస్థితి. మైనస్ 40 అంటే సెన్సార్ నుంచి అసలు సిగ్నలే రావట్లేదని, వైరు ఎక్కడో ఊడిందని. పైగా నా బండిలో ఆ రెండు సెన్సార్లూ ఒకే పీస్, ఒకటే కప్లర్. బానెట్ ఎత్తి చూస్తే ముందు వారం ఎయిర్ ఫిల్టర్ మార్చినప్పుడు ఆ కప్లర్ సగమే నొక్కి వదిలేశారు, గతుకులకి జరిగి జరిగి బయటికొచ్చేసింది. బొటనవేలితో గట్టిగా నొక్కితే టక్ మంది. ఫోన్లో మైనస్ 40 పోయి 52 వచ్చింది, కోడ్ చెరిపేసి స్టార్ట్ కొడితే బండి మామూలైపోయింది. ఖర్చు సున్నా.

కోడ్ ఒక్కటే చూపించే స్కానర్ నా దగ్గర ఉండి ఉంటే నేను కూడా ఆ పద్నాలుగు వేలు కట్టేవాణ్ణి. కోడ్ చెప్పేది ఏ వైపు చూడాలో మాత్రమే, ఏ పార్ట్ మార్చాలో కాదు. కాబట్టి కొనేటప్పుడు లైవ్ డేటా, ఫ్రీజ్ ఫ్రేమ్ (లైటు వెలిగిన క్షణంలో ఉన్న నంబర్లు) ఈ రెండూ లేని స్కానర్ ఎంత చవకగా వచ్చినా వదిలేయండి.

స్టెప్ 1: ముందు మీ బండి సంగతి చూడండి

స్కానర్ కంటే ముందు ఆర్‌సీ తీయండి, బండి ఏ సంవత్సరంలో తయారైందో చూడండి. మన దేశంలో కార్లకి ఓబీడీ (బండి కంప్యూటర్ తనని తాను పరీక్షించుకుని, తేడా ఉంటే కోడ్ రాసిపెట్టే పద్ధతి) రూల్ రెండు విడతలుగా వచ్చింది, 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ1, 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ2. అందుకే 2013 మధ్య తర్వాత వచ్చిన పెట్రోల్, డీజిల్ కార్లలో మామూలు స్కానర్ దాదాపు కచ్చితంగా పనిచేస్తుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బళ్ళయితే ఇంక ఆలోచించక్కర్లేదు. 2010కి ముందు బళ్ళతోనే చిక్కంతా, సాకెట్ అదే ఆకారంలో ఉంటుంది కానీ లోపల కంపెనీ తన సొంత భాష మాట్లాడుతుంది, మామూలు స్కానర్ పెడితే "కనెక్ట్ అవ్వట్లేదు" అని కూర్చుంటుంది. అలాంటి బండి మీదైతే అదే మోడల్ ఉన్నవాళ్లు ఎవరైనా తెలిస్తే వాళ్ల స్కానర్ ఒక్క పది నిమిషాలు అడిగి పెట్టి చూశాకే కొనండి.

తర్వాత సాకెట్ ఎక్కడుందో వెతకండి. డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగ్ కింద, మోకాళ్ల పైన చెయ్యి పెట్టి తడిమితే తగులుతుంది, కొన్నిట్లో ఫ్యూజ్ బాక్స్ మూత వెనక దాక్కుంటుంది. 16 పిన్నుల సాకెట్, ఒక వైపు వెడల్పు ఎక్కువ ఒక వైపు తక్కువ. ఫోన్ టార్చ్ వేసి ఒక ఫోటో తీయండి. పిన్నులన్నీ ఉండవు, కంగారు పడొద్దు. 16వ పిన్ బ్యాటరీ పాజిటివ్, 4, 5 ఎర్తింగ్. 6, 14 పిన్నులు ఉంటే బండి క్యాన్ అనే కొత్త పద్ధతిలో మాట్లాడుతుందని అర్థం, అవి లేకుండా 7 మాత్రమే ఉంటే పాత కె-లైన్. ఈ సంగతి తర్వాత నకిలీ డాంగిల్స్ దగ్గర పనికొస్తుంది. ఇంకోటి, సాకెట్ చుట్టూ ఎంత చోటుందో కూడా చూడండి, కొన్ని బళ్ళలో పొడుగు డాంగిల్ పెడితే కాలికి తగులుతుంది, క్లచ్ తొక్కేటప్పుడు విరిగిపోయే ప్రమాదం.

ఎలక్ట్రిక్ కారైతే ఈ గైడ్ మీకు పెద్దగా పనికిరాదు, ఓబీడీ రూల్ పుట్టిందే పొగ కోసం, ఈవీ బ్యాటరీ డేటా చూడాలంటే ఆ మోడల్ కోసం ప్రత్యేకంగా చేసిన యాప్ కావాలి.

స్టెప్ 2: అసలు మీకు దేనికి కావాలో తేల్చుకోండి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. సొంత కారు ఒక్కటే ఉంది, లైటు వెలిగితే ఎందుకో తెలిస్తే చాలు అనుకునేవాళ్లకి రెండు మూడు వేల లోపు అయిపోతుంది. ఇంట్లో మూడు బళ్ళు ఉండి, ఏబీఎస్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా చదవాలంటే "ఆల్ సిస్టమ్" అని ఉండే రకం కావాలి, అది వేరే రేటు. మామూలు ఓబీడీ2 స్కానర్ ఎక్కువగా ఇంజిన్ కోడ్లే చదువుతుంది, అంటే పి తో మొదలయ్యేవి. ఏబీఎస్ కోడ్లు సి తో, ఎయిర్‌బ్యాగ్ లాంటివి బి తో, బండిలో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోనప్పుడు వచ్చేవి యు తో మొదలవుతాయి. డబ్బా మీద ఈ నాలుగు అక్షరాలూ ప్రింట్ చేసి ఉన్నా చవక స్కానర్లో ఏబీఎస్ రాదు, దయచేసి గుర్తుపెట్టుకోండి, ఇది నమ్మి కొని బాధపడినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇంక డీజిల్ బండికి డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) రీజెనరేషన్, అంటే ఆ మసిని కాల్చేయడం, బలవంతంగా చేయించడం, ఇంజెక్టర్ కోడింగ్, ఏబీఎస్ బ్లీడింగ్ ఇవన్నీ స్కానర్ బండికి ఆర్డర్ వేసి చేయించే పనులు, పదిహేను ఇరవై వేలు పైన పెడితే గానీ సరైనది రాదు. ఇంట్లో ఏడాదికి ఒకసారి కూడా అవసరం పడదు, నా మాట విని ఆ పనులు షెడ్డుకే వదిలేయండి.

స్టెప్ 3: డాంగిలా, చేతిలో పట్టుకునే మిషనా

డాంగిల్ అంటే సాకెట్లో గుచ్చితే ఫోన్లో యాప్ ద్వారా చూపించేది. చేతి మిషన్ అంటే వైరు, చిన్న స్క్రీన్, నాలుగు బటన్లు ఉండేది, ఫోన్ అక్కర్లేదు. ఆన్సెల్ ఏడీ310, ఆటెల్ ఏఎల్319, లాంచ్ సీరీడర్ 3001 ఇలాంటివి ఈ రకం. ఇంట్లో నాన్నగారు లాంటి పెద్దవాళ్లు వాడతారంటే చేతి మిషనే మంచిది, గుచ్చగానే ఆన్ అవుద్ది, యాప్ గోల లేదు, పెయిరింగ్ గోల లేదు, పదేళ్లయినా అలాగే పనిచేస్తుంది. లైవ్ డేటాని గ్రాఫ్‌లో చూడాలి, రికార్డ్ చేసి మెకానిక్‌కి వాట్సాప్‌లో పంపాలి అనుకుంటే మాత్రం డాంగిల్‌ని మించింది లేదు.

డాంగిల్ అనుకుంటే మీ ఫోన్ ఏంటో చూసుకోండి. ఆండ్రాయిడ్ అయితే మామూలు బ్లూటూత్ డాంగిల్ సరిపోతుంది. ఐఫోన్ అయితే పాత రకం బ్లూటూత్ డాంగిల్ కలవదు, "బ్లూటూత్ లో-ఎనర్జీ" (బీఎల్ఈ, తక్కువ కరెంట్ వాడే బ్లూటూత్) అని రాసున్నదో, వై-ఫై ఉన్నదో తీస్కోవాలి. వై-ఫై రకంలో ఒక ఇబ్బంది, ఫోన్ డాంగిల్ వై-ఫైకి కలిసినంతసేపు చాలా ఫోన్లలో నెట్ ఆగిపోతుంది, కోడ్ అర్థం వెతుక్కోడానికి మళ్లీ మళ్లీ మార్చుకోవాల్సొస్తుంది, అందుకే నా ఓటు బీఎల్ఈకే. యాప్‌లలో కార్ స్కానర్ అనేది రెండు ఫోన్లలోనూ వస్తుంది, ఫ్రీగానే చాలా చూపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో టార్క్ పాతది, ఇప్పటికీ వాడేవాళ్లు ఉన్నారు. ఫోర్డ్ బళ్ళు ఉన్నవాళ్లకి ఫోర్‌స్కాన్ ఒక వరం, కంపెనీ ఇక్కడ కార్ల అమ్మకం ఆపేసినా బండి బాగోగులు మనమే చూసుకోవచ్చు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కూడా చదువుతుంది.

ఒక హెచ్చరిక, ఫోన్‌తో వాడే "ఆల్ సిస్టమ్" రకాలు చాలావాటికి ఒక కంపెనీ కార్ల సాఫ్ట్‌వేర్ ఫ్రీగా ఇచ్చి మిగతావాటికి, లేకపోతే రెండో ఏడాది నుంచి డబ్బులు అడుగుతారు. కొనేముందు ఈ ఒక్క లైను వెతికి చదవండి.

స్టెప్ 4: నకిలీ డాంగిల్స్ దగ్గర జాగ్రత్త

ఐదారు వందలకి దొరికే నీలం రంగు చిన్న డాంగిల్స్ మీద "ఈఎల్ఎం327 వి1.5" అని, "వి2.1" అని రాసుంటుంది. ఈఎల్ఎం327 అనేది కెనడాలో ఈఎల్ఎం ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ చేసిన చిప్. మొదట్లో దాని లోపలి ప్రోగ్రామ్‌కి తాళం వేయకపోవడంతో కాపీలు పుట్టుకొచ్చాయి. ఆ కంపెనీ వి1.5 అనేది అసలు ఎప్పుడూ విడుదలే చేయలేదు, 2022లో కంపెనీ కూడా మూతపడింది. అంటే ఈరోజు ఐదొందలకి దొరికేవన్నీ కాపీలే. కాపీలన్నీ చెత్త అని నేను అనను, కొన్ని బాగానే పనిచేస్తాయి, కానీ వి2.1 అని అమ్మేవాటిలో చాలావాటికి కొన్ని కమాండ్లు తెలీవు, పాత కె-లైన్ బళ్ళతో కలవవు, లైవ్ డేటా సెకనుకి ఒకటి రెండు నంబర్లే వస్తాయి. ఇందాక పిన్నులు ఫోటో తీయమన్నది ఇందుకే, మీ బండిలో 6, 14 లేకుండా 7 మాత్రమే ఉంటే చవక కాపీ జోలికి అస్సలు పోవద్దు. వీగేట్, వీపీక్, ఓబీడీలింక్ ఇలా పేరున్నవాటికి కొంచెం ఎక్కువ పెట్టడం మేలు, ఓబీడీలింక్ ఖరీదెక్కువే కానీ స్పీడ్ బాగుంటుంది.

ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ గడువు ఉన్నప్పుడే ఈ పరీక్ష చేయండి. ఇంజిన్ స్టార్ట్ చేసి యాప్ కలిపి ఆర్‌పీఎం, ఇంజిన్ టెంపరేచర్, స్పీడ్, బ్యాటరీ వోల్టేజ్ నాలుగూ ఒకేసారి పెట్టి యాక్సిలరేటర్ చిన్నగా తొక్కి వదలండి. మీటర్లో ముల్లుతో పాటు ఫోన్లో నంబర్ కదలాలి, మూడు నాలుగు సెకన్లు వెనక నడుస్తుంటే వెనక్కి పంపేయండి. తర్వాత చాసిస్ నంబర్ చదివించండి, 17 అక్షరాలు ఆర్‌సీలో ఉన్నట్టే రావాలి. అది పెద్ద మెసేజ్ కాబట్టి నాసిరకం డాంగిల్స్ ఇక్కడే తడబడతాయి. కొన్ని పాత బళ్ళు ఆ నంబర్ ఇవ్వవు, కాబట్టి అది ఒక్కటి రాకపోతే వేరే కొత్త బండిలో పెట్టి చూడండి.

స్టెప్ 5: ఇవి ఉన్నాయో లేవో చూసి మరీ కొనండి

లైవ్ డేటా గురించి చెప్పాను. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటే లైటు వెలిగిన ఆ క్షణంలో బండి ఏ స్థితిలో ఉందో తీసిన ఫోటో లాంటిది, స్పీడ్ ఎంత, ఆర్‌పీఎం ఎంత, ఇంజిన్ వేడెక్కిందా లేదా అన్నీ ఉంటాయి. పొద్దున్నే చల్ల ఇంజిన్‌లో వచ్చిందా, ఘాట్ రోడ్డెక్కుతుంటే వచ్చిందా అనేది మెకానిక్‌కి చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే. మూడోది పెండింగ్ కోడ్లు, అంటే లైటు ఇంకా వెలగలేదు కానీ బండికి ఒకసారి అనుమానం వచ్చిందన్నమాట. నాలుగోది రెడీనెస్ మానిటర్స్, బండి తనని తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయా లేదా అని.

ఈ నాలుగోది సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి బంగారం. అమ్మేవాళ్లు చెక్ ఇంజిన్ లైటుని కోడ్ చెరిపేసి ఆర్పి చూపించడం కొత్తేం కాదు, కానీ చెరిపితే మానిటర్స్ చాలావరకు "పూర్తి కాలేదు" అని మారిపోతాయి. చాలా బళ్ళలో "కోడ్స్ చెరిపాక నడిచిన దూరం" అనే లైను కూడా లైవ్ డేటాలో ఉంటుంది. మా బావమరిదికి బండి చూడ్డానికి వెళ్లినప్పుడు అక్కడ 4 కిలోమీటర్లు అని వచ్చింది, అరవై వేలు తిరిగిన బండికి! వారం ఆగి ఇంకోసారి చూపించమని అడిగాం, వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఇది ఇంకో రకంగా అవసరం. అక్కడ 1996 మోడల్ నుంచి అన్ని కార్లకీ ఓబీడీ2 తప్పనిసరి, స్మాగ్ టెస్ట్ (పొగ పరీక్ష) ఉన్న రాష్ట్రాల్లో కోడ్ చెరిపేసి నేరుగా టెస్ట్‌కి వెళ్తే మానిటర్స్ రెడీగా లేవని వెనక్కి పంపుతారు, కొన్నాళ్లు మామూలుగా నడిపి అన్నీ రెడీ అయ్యాయని మీ స్కానర్లో చూసుకుని వెళ్లండి. కోడ్ ఒక్కటే తెలిస్తే చాలనుకుంటే ఆటోజోన్ లాంటి స్పేర్ పార్ట్స్ షాపుల్లో చాలాచోట్ల ఫ్రీగానే చదివి చెప్తారు.

స్టెప్ 6: రాగానే, బండి బాగున్నప్పుడే ఒకసారి చూడండి

ఇది ఎవరూ చేయరు, కానీ చాలా ముఖ్యం. బండికి ఏ జబ్బూ లేనప్పుడు నంబర్లు ఎలా ఉంటాయో తెలిస్తేనే రేపు తేడా వచ్చినప్పుడు కనిపెట్టగలరు. ఇంజిన్ ఆపి డాంగిల్ గుచ్చండి, తాళం ఆన్ చేసి కలపండి, తర్వాత స్టార్ట్ చేసి పావుగంట నడిపి స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. మామూలుగా వేడెక్కిన ఇంజిన్ టెంపరేచర్ 85 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.4 వోల్టులు పైన, నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.7 మధ్య. కొత్త బళ్ళలో ఛార్జింగ్‌ని కంప్యూటరే తగ్గిస్తుంటుంది కాబట్టి అప్పుడప్పుడు ఇంకా కిందకి రావచ్చు. పెట్రోల్ బండైతే ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్ ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పేది) అని రెండు లైన్లు ఉంటాయి, ప్లస్ మైనస్ 10 శాతం లోపుంటే బాగున్నట్టు.

ఆ ట్రిమ్ గురించి ఇంకాస్త చెప్తా, ఎందుకంటే పి0171 అంటే ఇంజిన్‌కి గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైందని, ఇది చాలా మామూలుగా వచ్చే కోడ్, దీనికి ఆక్సిజన్ సెన్సార్ మార్చేసి డబ్బులు పోగొట్టుకుంటారు. ఐడ్లింగ్‌లో ట్రిమ్ ప్లస్ 20 ఉండి, 2500 ఆర్‌పీఎం కి పెంచితే తగ్గిపోతుంటే ఎక్కడో వ్యాక్యూమ్ పైపు చిరిగి గాలి పీలుస్తోందని అనుమానించాలి. అదే ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే పెట్రోల్ సరిగ్గా అందట్లేదు, ఫిల్టరో పంపో చూడాలి, లేదా మాఫ్ సెన్సార్ మురికి పట్టి ఉండొచ్చు.

పి0301 అంటే ఒకటో సిలిండర్ మిస్సింగ్, అంటే అందులో సరిగ్గా మండట్లేదని. కాయిల్ (ప్లగ్గుకి స్పార్క్ అందించేది) కొనేముందు ఇంజిన్ ఆపి, చల్లారాక ఒకటో కాయిల్‌ని రెండోదానితో మార్చి బిగించండి, కోడ్ చెరిపి నడపండి. ఈసారి పి0302 వస్తే కాయిల్ పోయినట్టే, మళ్లీ పి0301 వస్తే ప్లగ్గో ఇంజెక్టరో చూడాలి. పి0420 వస్తే సైలెన్సర్ లైన్లో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ బలహీనపడిందని, అది చాలా ఖరీదు, అందుకే మార్చే ముందు సైలెన్సర్ పైపు లీకుందా, వెనక ఆక్సిజన్ సెన్సార్ సరిగ్గా చదువుతోందా చూపించుకోండి.

ఒకేసారి పది పన్నెండు కోడ్లు, అందులో యు తో మొదలయ్యేవి వచ్చాయంటే బెదిరిపోకుండా ముందు బ్యాటరీ, దాని టెర్మినల్స్ చూడండి. బ్యాటరీ నీరసపడితే బండిలో కంప్యూటర్లన్నీ ఏవేవో చెప్తాయి.

కోడ్ ఎప్పుడు చెరపాలి, ఎప్పుడు చెరపకూడదు

చెరిపేముందు కోడ్లు, ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో తీసి పెట్టుకోండి, చెరిపితే అవి కూడా పోతాయి. వారంటీలో ఉన్న బండైతే చెరపొద్దు, కోడ్ లేకుండా సర్వీస్ సెంటర్‌కి వెళ్తే "మాకేం కనిపించట్లేదు సార్" అని పంపేస్తారు. లైటు ఆగి ఆగి మిణుకు మిణుకుమంటుంటే అది మిస్సింగ్ ఎక్కువైందని, కాలని పెట్రోల్ వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, స్కానర్ తీయడం తర్వాత సంగతి, ముందు బండి పక్కకి ఆపండి. ఎరుపు రంగు ఆయిల్ లైటుకీ టెంపరేచర్ లైటుకీ ఇదే మాట. బీఎస్6 డీజిల్‌లో పి2463 వస్తే డీపీఎఫ్‌లో మసి నిండిందని, చెరిపి చెరిపి సిటీలోనే తిప్పితే ఫిల్టర్ మొత్తం మూసుకుపోతుంది, మాన్యువల్‌లో చెప్పినట్టు హైవే మీద ఆగకుండా నడపండి, అప్పటికీ పోకపోతే షెడ్డుకి.

పని అయిపోగానే డాంగిల్ పీకేయండి. 16వ పిన్‌లో తాళం తీసినా కరెంట్ ఉంటుంది, రెండు మూడు వారాలు బండి తీయకుండా వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది. నాది గ్లోవ్ బాక్స్‌లో ఒక చిన్న జిప్ కవర్లో ఉంటుంది, దాంతో పాటు బండి బాగున్నప్పుడు తీసిన నంబర్లు రాసిన కాగితం కూడా.